నెట్ వచ్చింది, అంగడి మూతపడింది

చైనా నుంచి చౌక సరుకు తెప్పించుకోవడం ఒకప్పుడు అండమాన్ వాసులకు ఢిల్లీ నుంచి తెప్పించుకోవడంకన్నా తేలిక. ఆ చౌక ఎక్కడి నుంచి వచ్చింది, దాని ఖర్చు ఎవరు భరించారు, ఇప్పుడేం మిగిలింది? ఒక పిన్‌కోడ్ చెప్పే కథ.

మాయాబందర్ పిన్‌కోడ్ 744204. ఉత్తర, మధ్య అండమాన్ జిల్లాకు కేంద్రమైన ఈ చిన్న రేవు పట్టణంలో ఇంటర్నెట్‌లో ఏదైనా కొనాలనుకునేవారికి ధరకన్నా ముందు అడ్డం వచ్చేవి ఈ ఆరంకెలే. వస్తువు నచ్చుతుంది, ధర గిట్టుబాటుగానే ఉంటుంది. తీరా పిన్‌కోడ్ కొట్టాక 'ఈ చిరునామాకు పంపడం కుదరదు' అని తెర మీద ప్రత్యక్షమవుతుంది. లేదంటే వస్తువు ధరతో పోటీపడే రవాణా చార్జీ కనిపిస్తుంది. దీవుల్లో ఉండేవారికి ఇది అలవాటైన వ్యవహారమే. విచిత్రమేమిటంటే, 2010 తర్వాత కొన్నేళ్లపాటు ఈ మాట అనని అమ్మకందారులు ఉండేవారు. వారు చెన్నైలోనో కోల్‌కతాలోనో లేరు. వేల కిలోమీటర్ల దూరాన చైనాలోని షెంజెన్‌లోనో, ఈవూలోనో ఉన్నారు.

జాక్ మా 1999లో హాంగ్జౌలో స్థాపించిన అలీబాబా సంస్థ చిల్లర కొనుగోలుదారుల కోసం 2010లో అలీఎక్స్‌ప్రెస్‌ను తెరిచింది. అంతకుముందు చైనా ఫ్యాక్టరీ సరుకు కావాలంటే కంటైనర్లలో దించుకునే దిగుమతిదారే దిక్కు. అలీఎక్స్‌ప్రెస్ వచ్చాక ఒక సెల్‌ఫోన్ కవరు, ఒక తలదీపం, చేపల గాలానికి ఒక రీలు, కుట్టుమిషనుకు ఒక విడిభాగం కూడా నేరుగా ఇంటికి తెప్పించుకోవచ్చు. వంద, రెండొందల రూపాయల వస్తువుకు చాలాసార్లు రవాణా ఉచితం. నెలా, నెలన్నరా పట్టేది. కానీ చిరునామా ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లో ఉన్నా, మాయాబందర్ జెట్టీ పక్కన ఉన్నా ధర ఒకటే.

దీవుల్లోని తెలుగువారికి ఈ తేడా ఎందుకు పెద్దదో తెలియాలంటే వారి పరిస్థితి తెలియాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్, నికోబార్ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం మనదే. వీరిలో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేట కోసం, కూలి పని కోసం వెళ్లి స్థిరపడినవారు ఎందరో. కావలసిన వస్తువు దీవిలో దొరక్కపోతే ఓడలో వచ్చే బంధువుకు చీటీ రాసి పంపడమే వారికి తెలిసిన పాత పద్ధతి. పండక్కి ఊరెళ్లినవారు తిరిగొచ్చేటప్పుడు సంచుల్లో బట్టలతోపాటు వలదారం, మిక్సీ బ్లేడు, పిల్లల పుస్తకాలు మోసుకొస్తారు. అలాంటిచోట సముద్రం అవతల ఎవరో ముక్కూమొహం తెలియని వ్యాపారి పంపిన పొట్లాన్ని పోస్ట్‌మన్ తెచ్చి ఇవ్వడం చిన్న విషయం కాదు.

తపాలా ఒప్పందం మహిమ

దేశంలోని వ్యాపారికి సాధ్యం కానిది చైనా వ్యాపారికి ఎలా సాధ్యమైంది? సమాధానం కంప్యూటర్లలో లేదు, 19వ శతాబ్దపు ఒప్పందంలో ఉంది. 1874 అక్టోబరు 9న స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో కుదిరిన ఒప్పందంతో ప్రపంచ తపాలా సమాఖ్యకు పునాది పడింది. రెండేళ్లు తిరక్కముందే, 1876లో, భారత్ అందులో చేరింది. సభ్యదేశాలన్నీ కలిసి ఒకే తపాలా భూభాగమన్నది దాని మూలసూత్రం. ఒక దేశం టపాను మరో దేశం స్వీకరించి తన గడ్డ మీది చిరునామాదారుకు చేర్చి తీరాలి. ప్రైవేటు కొరియర్ తనకు లాభం లేని పిన్‌కోడ్‌ను జాబితా నుంచి కొట్టేయవచ్చు. తపాలా శాఖకు ఆ వెసులుబాటు లేదు. షెంజెన్‌లో బిళ్ల అంటించిన చిన్న పొట్లం భారత్ చేరాక అది తపాలా శాఖ బాధ్యత. మాయాబందర్ దూరమనే సాకు అక్కడ చెల్లదు.

అంత తక్కువ ఖర్చుతో ఎలా కుదిరిందన్నది రెండో ప్రశ్న. విదేశీ టపాను ఇంటింటికీ చేర్చినందుకు పంపిన దేశం అందుకున్న దేశానికి కొంత సొమ్ము చెల్లించే పద్ధతిని సమాఖ్య 1969లో ఆమోదించింది. ఈ రేట్లు వర్ధమాన దేశాలకు తక్కువగా ఉండేవి. ఉత్తరాల కాలంలో అది న్యాయమే. కానీ ఇంటర్నెట్ అంగళ్లు వచ్చాక రెండు కిలోలలోపు చిన్న పొట్లాలు కూడా ఈ లెక్కలోకే వచ్చాయి. ప్రపంచ ఫ్యాక్టరీగా మారిన చైనా వర్ధమాన దేశాల రాయితీలోనే కొనసాగింది. ఫలితంగా అమెరికాలో ఒక ఊరి నుంచి పక్క ఊరికి పొట్లం పంపడంకన్నా చైనా నుంచి అమెరికాకు పంపడమే చౌక అన్న పరిస్థితి వచ్చింది. 2018 అక్టోబరులో ట్రంప్ ప్రభుత్వం సమాఖ్య నుంచి వైదొలుగుతామని నోటీసిచ్చింది. 2019 సెప్టెంబరులో జెనీవాలో జరిగిన ప్రత్యేక సమావేశంలో రాజీ కుదిరింది. 2020 జులై నుంచి అమెరికా తన రేట్లు తానే నిర్ణయించుకునే వీలు దక్కించుకుంది.

అంటే కొనుగోలుదారుకు 'ఉచితం' అని కనిపించిన రవాణాకు ఖర్చు లేకపోలేదు. దాంట్లో పెద్ద భాగాన్ని చివరి మజిలీ నడిపే తపాలా వ్యవస్థ మోసింది. మాయాబందర్ విషయంలో ఆ మజిలీ సామాన్యమైనది కాదు.

దారి పొడవునా గండాలు

అండమాన్, నికోబార్ తపాలా శాఖ పశ్చిమ బెంగాల్ సర్కిల్‌లో భాగం. విదేశీ పొట్లం మొదట ప్రధాన భూభాగంలోని విదేశీ తపాలా కార్యాలయంలో కస్టమ్స్ తనిఖీ దాటాలి. తర్వాత విమానంలోనో ఓడలోనో 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ చేరాలి. చెన్నై, కోల్‌కతాల నుంచి ఈ దూరం దాదాపు 1,200 కిలోమీటర్లు. అక్కడితో అయిపోలేదు. మాయాబందర్ ఇంకా 240 కిలోమీటర్లు ఉత్తరాన ఉంది.

ఆ 240 కిలోమీటర్లు అండమాన్ ట్రంక్ రోడ్డు మీదుగా సాగాలి. దారిలో జరావా తెగ అభయారణ్యం. జిర్కాటాంగ్ గేటు దగ్గర వాహనాలన్నీ ఆగి, నిర్ణీత వేళల్లో పోలీసు కాపలాతో కాన్వాయ్‌గా కదలాలి. రాత్రి ప్రయాణం నిషిద్ధం. జరావాల రక్షణ కోసం ఈ రోడ్డులో కొంత భాగం మూసేయాలని సుప్రీంకోర్టు 2002లో ఆదేశించిన సంగతి, ఆ రోడ్డే ఇప్పటికీ ఉత్తరాది దీవులకు జీవనాడిగా ఉన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. మిడిల్ స్ట్రెయిట్ దగ్గర వాహనాలను పంటు మీద బారాటాంగ్ దీవికి దాటించాలి. తర్వాతి పాయ హంఫ్రీ స్ట్రెయిట్ మీద 2021 అక్టోబరులో వంతెన ప్రారంభం కావడంతో ఒక పంటు బాధ తప్పింది. వానాకాలంలో, తుపాను హెచ్చరికల వేళ ఓడలు ఆగిపోతే పొట్లమూ ఆగిపోతుంది.

మరో చిక్కూ ఉంది. లిథియం బ్యాటరీ ఉన్న వస్తువులను విమానాల్లో పంపడానికి కఠిన నిబంధనలున్నాయి. విదేశీ అంగళ్లలో చౌకగా దొరికే పవర్ బ్యాంకులు, చార్జింగ్ దీపాలు చాలావరకు ఈ కోవలోవే. పెద్ద నగరంలో ఇది ఒకటి రెండు రోజుల ఆలస్యం. దీవిలో విమానం ఎక్కనిది ఓడ కోసం ఎదురుచూడాలి.

ఒకే ఏడాది రెండు కబుర్లు

ఇన్ని గండాలకు తోడు ఇంటర్నెట్ కూడా దీవుల్లో చాలాకాలం ఉపగ్రహాల మీదే ఆధారపడింది. ఒక ఫొటో తెరుచుకునేలోగా ఓపిక నశించేది. ఆర్డర్ పెట్టి డబ్బు చెల్లించే సమయానికి నెట్ పోతే, డబ్బు వెళ్లిందో లేదో తెలియక బ్యాంకు చుట్టూ తిరగాలి. ఈ దుస్థితి 2020 ఆగస్టు 10న మారింది. రూ. 1,224 కోట్ల వ్యయంతో చెన్నై నుంచి సముద్రగర్భంలో వేసిన 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌ను ప్రధాని నరేంద్ర మోదీ ఆ రోజు ప్రారంభించారు. పోర్ట్ బ్లెయిర్‌తోపాటు స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్, లాంగ్ ఐలాండ్, రంగత్‌లకు అది చేరింది. మాయాబందర్‌కు కేబుల్ నేరుగా రాలేదు. దానికి దగ్గరలోని మజిలీ సుమారు 70 కిలోమీటర్ల దక్షిణాన ఉన్న రంగత్.

కానీ రోడ్డు పడేసరికి సంత ఎత్తేశారన్నట్టయింది. గల్వాన్ ఘర్షణ తర్వాత 2020 జూన్ 29న కేంద్రం ఐటీ చట్టం సెక్షన్ 69ఎ కింద 59 యాప్‌లను నిషేధించింది. టిక్‌టాక్ నిషేధం మీద జరిగిన చర్చలో చాలామంది గమనించలేదు కానీ, ఆ జాబితాలో దుస్తుల అంగడి షీయిన్, చౌక సరుకుల క్లబ్ ఫ్యాక్టరీ కూడా ఉన్నాయి. నవంబరు 24న మరో 43 యాప్‌ల మీద వేటు పడింది. అందులో అలీఎక్స్‌ప్రెస్ ఉంది. దీవులకు కేబుల్ వచ్చిన మూడున్నర నెలలకే దీవుల పిన్‌కోడ్‌ను కాదనని అంగడి మూతపడింది.

నిజానికి తలుపులు అంతకుముందు నుంచే మూసుకుంటున్నాయి. విదేశాల నుంచి వచ్చే రూ. 5,000 లోపు కానుకలకు సుంకం మినహాయింపు ఉండేది. అమ్మిన సరుకు మీద 'కానుక' అని రాసి పంపడం చైనా వ్యాపారులు కనిపెట్టిన కిటుకు. దీన్ని అరికట్టేందుకు విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ 2019 డిసెంబరులో పోస్టు, కొరియర్ల ద్వారా కానుకల దిగుమతినే నిషేధించింది. ప్రాణరక్షక మందులు, రాఖీలకు మాత్రం మినహాయింపునిచ్చింది. అప్పటి నుంచి పొట్లం చిన్నదైనా పెద్దదైనా కస్టమ్స్ సుంకం, దాని మీద సర్‌చార్జీ, ఆ రెండూ కలిపిన విలువ మీద ఐజీఎస్టీ లెక్కలోకి వస్తాయి. ఇవే చాలవన్నట్టు కార్డుల నిబంధనలూ మారాయి. రిజర్వ్ బ్యాంకు 2020 జనవరిలో ఇచ్చిన ఆదేశం ప్రకారం కొత్త డెబిట్, క్రెడిట్ కార్డులు దేశంలో వాడకానికే పనికొస్తాయి. విదేశీ చెల్లింపుల సౌకర్యం కావాలంటే ఖాతాదారే విడిగా తెరిపించుకోవాలి. మోసాలను అడ్డుకోవడానికి ఇది మంచి చర్యే. కాకపోతే ఆ మీట ఎక్కడుందో తెలియనివారికి విదేశీ అంగడి అక్కడితో సరి.

చౌక ఎవరికి చేటు

ఈ నిషేధాల మీద జాలిపడాల్సిన పనిలేదనే వాదనకూ బలముంది. ఆ వాదన మొదటి సాక్షి మాయాబందర్ బజారులోని దుకాణదారే. ఓడ కిరాయి, హమాలీ, జీఎస్టీ, అద్దె అన్నీ భరించి అమ్మే అతను, ఇవేవీ లేకుండా 'కానుక' రూపంలో వచ్చే సరుకుతో పోటీపడలేడు. పైగా అతను అరువిస్తాడు, పాడైతే మారుస్తాడు, పిలిస్తే పలుకుతాడు. రెండో సాక్షి దేశంలోని ఉత్పత్తిదారు. బొమ్మల మీద కస్టమ్స్ సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచడం, 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు బీఐఎస్ ముద్ర తప్పనిసరి చేయడం ఈ ఆలోచనతోనే. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువుకు నాణ్యత పరీక్ష ఉండాలనడం కాదనలేని మాట.

ఈ ఆలోచన మనకొక్కరికే రాలేదు. యూరోపియన్ యూనియన్ 22 యూరోల లోపు సరుకుకు ఉన్న వ్యాట్ మినహాయింపును 2021 జులై 1న రద్దు చేసింది. 800 డాలర్ల లోపు పార్సిళ్లను సుంకం లేకుండా వదిలేస్తూ వచ్చిన అమెరికా ఆ సౌకర్యాన్ని చైనా, హాంకాంగ్ సరుకుకు 2025 మే 2న, అన్ని దేశాలకూ ఆగస్టు 29న ఎత్తేసింది. దాని సెగ మన తపాలా శాఖకూ తగిలింది. సుంకం ఎవరు వసూలు చేయాలో, ఎలా చేయాలో తేలక ఆ ఆగస్టులో అమెరికాకు చాలా రకాల పార్సిళ్ల బుకింగ్‌ను కొంతకాలం ఆపాల్సి వచ్చింది. ఇంటికి పచ్చళ్లు, బట్టలు పంపే తెలుగు కుటుంబాలకు విదేశీ పొట్లం వెనుక ఇంత రాజకీయం ఉందని అప్పుడే అర్థమైంది.

అయితే దీవుల దగ్గరికి వచ్చేసరికి లెక్క కొంచెం మారుతుంది. నగరవాసికి అలీఎక్స్‌ప్రెస్ పోతే అదే చైనా సరుకు దేశీయ అంగడిలో, దిగుమతిదారు లాభం కలుపుకొని, రెండు రోజుల్లో దొరుకుతుంది. మాయాబందర్‌వాసికి లాభమూ కలుస్తుంది, పిన్‌కోడ్ గండమూ తిరిగొస్తుంది. ఈ కొన్నేళ్లలో దేశీయ సంస్థల సేవలు దీవుల్లో పెరిగిన మాట నిజం. కానీ ఏ వస్తువు పంపాలి, ఎక్కడిదాకా పంపాలి, ఎంత వసూలు చేయాలి అన్నది అమ్మకందారు ఇష్టం. విదేశీ పొట్లానికి అంతర్జాతీయ ఒప్పందం ఇచ్చిన హామీ, స్వదేశీ పొట్లానికి ఏ ఒప్పందమూ ఇవ్వడం లేదు.

సుంకం పేరుతో టోకరా

తెలిసిన అంగడి మూతపడితే తెలియని అంగళ్లు వెలుస్తాయి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రాం ప్రకటనల్లో సగం ధరకే విదేశీ సరుకు అంటూ కనిపించే వెబ్‌సైట్లలో కొన్ని నెల తిరక్కుండానే మాయమవుతాయి. చిరునామా ఉండదు, ఫోన్ ఉండదు. అంతకన్నా ప్రమాదకరమైనది కస్టమ్స్ పేరుతో వచ్చే ఫోన్. మీ పార్సిల్ విమానాశ్రయంలో ఆగింది, వెంటనే సుంకం కట్టండి అంటారు. ఇంకో అడుగు ముందుకేసి అందులో మత్తుమందులు దొరికాయని బెదిరిస్తారు. నెలల తరబడి పొట్లం కోసం ఎదురుచూసే దీవివాసి ఇలాంటి ఫోన్‌ను నమ్మే అవకాశం ఎక్కువ. నిజంగా పార్సిల్ ఉంది మరి.

గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. కస్టమ్స్ అధికారి ఫోన్ చేసి వ్యక్తిగత ఖాతాకు డబ్బు వేయమనడు. తపాలా ద్వారా వచ్చే పొట్లానికి సుంకం పడితే ఆ లెక్క పొట్లంతోనే వస్తుంది, బట్వాడా సమయంలో పోస్టాఫీసు వసూలు చేస్తుంది. కస్టమ్స్ పంపే అధికారిక లేఖలకు 2019 నుంచి ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఉంటోంది, దాన్ని ఆ శాఖ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. సరుకు విషయంలో ఫిర్యాదుకు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

చట్టం కూడా కొనుగోలుదారు పక్షానే ఉంది, కాగితం మీద. 2020 ఈ-కామర్స్ నిబంధనలు భారతీయులకు క్రమబద్ధంగా సరుకు అమ్మే విదేశీ సంస్థలకూ వర్తిస్తాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొనుగోలుదారు తానుండే చోటే ఫిర్యాదు చేయవచ్చు. కానీ ఈవూలోని చిన్న వ్యాపారికి ఇక్కడి కమిషన్ నోటీసు చేరేదెలా? చేరినా అతను పట్టించుకునేదెలా? మూడొందల వస్తువు తిరిగి పంపడానికి ఆరొందలయ్యే చోట 'వాపసు హక్కు' మాట వరసకే. కార్డుతో చెల్లించినవారు బ్యాంకు ద్వారా డబ్బు తిరిగి రాబట్టే ప్రయత్నం చేయవచ్చు. చాలావరకు ఉన్న దారి అదొక్కటే.

పొట్లంలో విత్తనం

దీవులవారికి ముఖ్యమైన హెచ్చరిక ఇంకొకటి ఉంది. 2020లో చైనా నుంచి ఎవరూ అడగని విత్తనాల పొట్లాలు అమెరికాలో ఇళ్లకు చేరడం కలకలం రేపింది. ఆ ఆగస్టులో మన వ్యవసాయ శాఖ కూడా రాష్ట్రాలను అప్రమత్తం చేసింది. మొక్కల క్వారంటైన్ నిబంధనల ప్రకారం అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా విత్తనాలు తెప్పించుకోవడం నేరం. అరుదైన పూలమొక్క, నీలం స్ట్రాబెర్రీ అంటూ కనిపించే ప్రకటనల్లో ఈ సంగతి ఉండదు.

బయటి జీవి వస్తే ఏమవుతుందో అండమాన్‌కు అనుభవమే. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942-45 మధ్య, జపాన్ ఆక్రమణ కాలంలో ఇక్కడికి చేరిన ఆఫ్రికా పెద్దనత్త యుద్ధం ముగిసినా పోలేదు. తోటలు, కూరగాయల మడుల మీద దాని దాడి నేటికీ సాగుతోంది. అలాగే సరైన అనుమతి లేని వాకీటాకీలు, ఉపగ్రహ ఫోన్లు, 2022 ఫిబ్రవరి నుంచి దిగుమతి నిషేధం ఉన్న డ్రోన్లు తెప్పించుకోవడం సరిహద్దు దీవిలో మామూలు తప్పు కాదు. వేటకు వాడే శక్తిమంతమైన ఎల్‌ఈడీ దీపాలు చౌకగా దొరుకుతాయి కానీ, మన ఆర్థిక మండలి జలాల్లో వాటితో చేపలు పట్టడాన్ని 2017లోనే నిషేధించారు. అంగడి అమ్మినంత మాత్రాన చట్టం ఒప్పుకున్నట్టు కాదు.

ఇన్ని చెప్పాక కూడా మాయాబందర్ ప్రశ్న మిగిలే ఉంటుంది. విదేశీ సరుకు చౌక కావడం వెనుక పాతబడిన తపాలా రేట్లున్నాయి, ఎగ్గొట్టిన సుంకాలున్నాయి, జరగని నాణ్యత పరీక్షలున్నాయి. వాటిని సరిదిద్దడం తప్పు కాదు. కానీ ఆ వంకర వ్యాపారంలో ఒక్క మంచి గుణం ఉండేది. అది చిరునామా చూసి మొహం తిప్పుకోలేదు. ఆ గుణానికి కారణం వ్యాపారి ఉదారత కాదు, ఎంత దూరమైనా బట్వాడా చేయక తప్పని పోస్టాఫీసు. దేశీయ అంగళ్ల కాలంలోనూ ఆ పోస్టాఫీసునే బలపరిచి, దూరపు పిన్‌కోడ్‌లకు రవాణా భారాన్ని ఎవరు ఎంత మోయాలో తేల్చితే చైనా వ్యాపారి చేసిన పని మనమే చేసుకోవచ్చు. అప్పటిదాకా మాయాబందర్‌లో పాత పద్ధతి ఎలాగూ ఉంది. ఓడలో ఎవరొస్తున్నారో కనుక్కుని, వారికో చీటీ రాసి పంపడం.